టీసీ ఆఖరున తీసుకోండి: కాలేజీ మారేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే మూటలో కట్టదగ్గవి. ఊరు మారినా, ఫీజు భారమైనా, హాస్టల్ కూడు పడకపోయినా అందరూ అడిగేది కాలేజీ ఎలా మారాలనే. ఆఖరున చేయాల్సిన పనిని చాలామంది మొదటే చేస్తున్నారు. పాత కాలేజీకి పోయి టీసీ తీసేసుకుంటున్నారు. టీసీ చేతికొచ్చిందంటే పాత రిజిస్టరులో మీ పేరు కొట్టేసినట్టే. కొత్త రిజిస్టరులో ఇంకా ఎక్కలేదు. ఆ మధ్య రోజుల్లో హాజరు పడదు, పరీక్ష ఫీజు కట్టే చోటుండదు, స్కాలర్‌షిప్ దరఖాస్తు కదలదు. కింది జవాబుల్లో ఈ మాట రెండు మూడుసార్లు వస్తుంది, విసుక్కోకండి.

దేవరకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మొదటి సంవత్సరం అయిపోయింది. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ గ్రూపు. రెండో సంవత్సరం నల్లగొండ ఎన్‌జీ కాలేజీలో చదవాలని ఉంది. రెండూ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కిందివే కదా, టీసీ తీసుకపోతే చేర్చుకుంటరా? ఒక పేపరు బ్యాక్‌లాగ్ ఉంది.
*— డిగ్రీ విద్యార్థి, దేవరకొండ*

టీసీ పట్టుకుపోతే చేర్చుకోరు. యూనివర్సిటీ అనుమతి పత్రం ఉండాలి. కాలేజీ వాళ్లు దాన్ని ప్రొసీడింగ్స్ అంటారు. అది వచ్చేదాకా కొత్త కాలేజీ మిమ్మల్ని తన విద్యార్థిగా చూపించలేదు.

మొదట కనుక్కోవాల్సింది ఖాళీ. "కాలేజీలో సీట్లున్నాయా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ "చూద్దాం" అనే వస్తుంది. అడగాల్సిన తీరు వేరు: మూడో సెమిస్టర్‌లో, మ్యాథ్స్-ఫిజిక్స్-కంప్యూటర్స్ గ్రూపులో, మీ మీడియంలో, మీ ద్వితీయ భాషతో మంజూరైన సీట్లెన్ని, ఇప్పుడు రోల్లో ఉన్నదెందరు? మొదటి ఏడు చేరి మానేసినవాళ్ల సీట్లే మీకు దొరికే ఖాళీలు. పక్క గ్రూపులో పది సీట్లు మిగిలినా మీకు పనికిరావు. గ్రూపు మారితే రెండు సెమిస్టర్ల పేపర్లు మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది.

ఖాళీ ఉందని తేలాక అసలు పని మొదలవుతుంది, అదే పేపర్లు సరిపోల్చడం. యూనివర్సిటీ ఒకటే అయినా సిలబస్ ఒకటే అనుకోవద్దు. ఎన్‌జీ కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ. అక్కడ ఏ సెమిస్టర్‌లో ఏ పేపరు పెట్టాలో ఆ కాలేజీ పాఠ్య ప్రణాళికా మండలే నిర్ణయిస్తుంది. పరీక్షలూ వాళ్లే పెట్టుకుంటారు. మీ దేవరకొండ కాలేజీ మాత్రం యూనివర్సిటీ సిలబస్‌తో, యూనివర్సిటీ పరీక్షలతో నడుస్తుంది. మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కాలేజీకి మారాలనుకునే పాలమూరు యూనివర్సిటీ విద్యార్థులకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఒక పొడుగు కాగితం తీసుకొని నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మీ మెమోలో ఉన్న పేపరు పేరు ఉన్నదున్నట్టు రాయండి. రెండో గడిలో దాని క్రెడిట్లు. సైన్స్ పేపరుకు థియరీ 4, ప్రాక్టికల్ 1 విడివిడిగా ఉంటే విడివిడిగానే రాయాలి. మూడో గడిలో కొత్త కాలేజీలో అదే సెమిస్టర్‌లో చెప్పిన పేపరు. నాలుగో గడి ఖాళీగా వదిలేయండి, అది విభాగాధిపతి సంతకానికి. ఉదాహరణకు మీరు మొదటి ఏడు సీ, సీ ప్లస్ ప్లస్ చదివారనుకోండి. కొత్త కాలేజీలో మొదటి సెమిస్టర్‌లోనే సీ, పైథాన్ కలిపి ఒకే పేపరుగా చెప్పి, రెండో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ ముగించేసి ఉంటే, మూడో సెమిస్టర్‌లో కూర్చున్న మీకు డేటా స్ట్రక్చర్స్ ఏనాడూ పాఠంగా అందదు. అది అదనపు పేపరుగా మీ నెత్తిన పడుతుంది. తిరకాసు ఇంకోటి ఉంది: పేరు ఒకటే ఉండి లోపలి యూనిట్లు వేరయ్యే పేపర్లు. మెమో చూపిస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది, ఆరో సెమిస్టర్‌లో తుది మెమో వేసేటప్పుడు బయటపడుతుంది. అందుకే మెమోతోపాటు రెండు సెమిస్టర్ల సిలబస్ కాపీ మీ పాత ప్రిన్సిపాల్ సంతకం, ముద్రతో తీసుకోండి. ప్రాక్టికల్ రికార్డులు పారేయకండి, సంతకాలున్న రికార్డు అవసరం పడుతుంది.

పేపర్ల పట్టిక మీద విభాగాధిపతులు సంతకాలు పెట్టాక కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి "ఫలానా గ్రూపులో ఖాళీ ఉంది, చేర్చుకోవడానికి అభ్యంతరం లేదు" అని లెటర్‌హెడ్ మీద తీసుకోండి. దాన్ని చూపించి పాత కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోండి. ఆ రెండూ, పట్టికా, మెమోలూ జతచేసి నల్లగొండ పక్కన అన్నెపర్తి దగ్గరున్న యూనివర్సిటీ ప్రాంగణంలో దరఖాస్తు ఇవ్వాలి. రుసుము ఎంతో ఆ రోజు అక్కడే కనుక్కొని, కట్టిన రసీదు జిరాక్స్ తీసి పెట్టుకోండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు మీ దగ్గరుండే కాపీ మీద ఇన్‌వర్డు నంబరు, తేదీ వేయించుకోవడం మరవద్దు. నంబరు లేని దరఖాస్తు ఏ బల్ల మీదుందో ఎవరూ చెప్పలేరు.

ఈలోగా దేవరకొండలో క్లాసులకు పోతూనే ఉండండి. లెక్క చూడండి: సెమిస్టర్‌కు 90 పనిదినాలు, 75 శాతం హాజరు కావాలి. అంటే 68 రోజులు తప్పనిసరి, మానగలిగేవి 22. అనుమతి కోసం 20 రోజులు ఇంట్లో కూర్చుంటే మిగిలిన సెమిస్టర్ అంతటికీ రెండు రోజులే చేతిలో ఉంటాయి. ఒక జ్వరం వస్తే చాలు, అవీ అయిపోతాయి. పాత కాలేజీలో మీరు హాజరైన రోజులను ధ్రువపత్రంగా తెచ్చుకుంటే కొత్త చోట కలపమని అడగడానికి ఆధారం ఉంటుంది. ఇదంతా మూడో సెమిస్టర్ మొదట్లోనే జరగాలి. ఏడాది మధ్యలో, నాలుగో సెమిస్టర్‌లో మారతానంటే ఎవరూ వినరు.

బ్యాక్‌లాగ్ మాటకొస్తే మా సలహా ఒక్కటే: వీలుంటే అది పోగొట్టుకున్నాకే మారండి. ఆ పేపరు యూనివర్సిటీ పరీక్షల విభాగంది. స్వయంప్రతిపత్తి కాలేజీ పరీక్షల విభాగం వేరు, హాల్‌టికెట్ నంబరు వేరు. పాత నంబరుతో పాత కాలేజీ ద్వారానే ఫీజు కట్టి రాయాల్సి రావచ్చు. ఆ నోటిఫికేషన్ మీ కొత్త కాలేజీ నోటీసు బోర్డు మీద కనపడదు కాబట్టి చాలామంది గడువు తప్పిపోతారు. పాత క్లాసులో ఒక దోస్తును పెట్టుకోండి, నోటిఫికేషన్ వస్తే ఫోన్ చేయమనండి. రెండు చోట్ల మార్కులు కలిపి తుది మెమో ఎవరిస్తారో, సీజీపీఏ ఎలా లెక్కగడతారో కూడా ముందే రాతపూర్వకంగా అడగండి.

ప్రొసీడింగ్స్ చేతికొచ్చాక టీసీ. కౌంటరు దగ్గరే నిలబడి చదవండి: ఇంటిపేరుతో సహా పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందా, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, "రెండో సెమిస్టర్ పూర్తి చేశారు" అని ఉందా. తప్పుంటే అక్కడికక్కడే దిద్దించి, దిద్దిన చోట ప్రిన్సిపాల్ పొట్టి సంతకం పెట్టించండి. ఇంటికొచ్చాక చూసుకుంటే ఇంకో రెండు బస్సు టికెట్లు.

మా బిడ్డకు దోస్త్‌ల హైదరాబాదు ప్రైవేటు కాలేజీల బీకాం కంప్యూటర్స్ సీటొచ్చింది. చేరి పదిహేను రోజులైంది. హాస్టల్ల పడుతలేదు, పోయినకాడికెళ్లి జరమే. మహబూబ్‌నగర్‌కు తెచ్చుకుందామంటే కాలేజోళ్లు సర్టిఫికెట్లు ఇయ్యరట, మూడేండ్ల ఫీజు కట్టమంటున్నరు. ఏం జెయ్యాలె?
*— ఓ తండ్రి, మక్తల్*

మీది కాలేజీ మార్పు కాదు, సీటు మార్పు. రెండింటికీ దారులు వేరు. దోస్త్, అంటే డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే పద్ధతి. దాని విడతలు ఇంకా నడుస్తుంటే యూనివర్సిటీ అనుమతుల జోలికి పోవాల్సిన పనే లేదు.

దోస్త్ వెబ్‌సైటులో ఆ ఏటి షెడ్యూలు చూడండి. తర్వాతి విడత ఉంటే అమ్మాయి లాగిన్‌లోకి పోయి మహబూబ్‌నగర్ కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఎన్‌టీఆర్ ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ కూడా అక్కడే ఉంది, ఆడపిల్ల కాబట్టి ముందు దాన్ని చూడండి. ఇక్కడ రెండు సంగతులు మనసులో ఉంచుకోవాలి. ఆన్‌లైన్‌లో సీటు ఖాయం చేసుకున్నవాళ్లకు తర్వాతి విడతలో కొత్త సీటొస్తే పాతది దానంతటదే పోతుంది. కాబట్టి నిజంగా చదవదలచుకున్న కాలేజీలే ఆప్షన్లలో ఉంచండి. "ఉండనీ" అని నింపిన పదో ఆప్షను వచ్చి మీదపడితే ఉన్నదీ పోతుంది. రెండోది, కాలేజీలో ఓటీపీ చెప్పి రిపోర్టు చేసేసి ఉంటే ముందు ఆ సీటును రద్దు చేసుకోవాలి. పాపకు చేతిలో వేరే దారి కనిపించకముందే రద్దు నొక్కకండి. మిగిలిన విడతలేమిటో, మహబూబ్‌నగర్‌లో బీకాం ఖాళీలెన్నో చూసుకున్నాకే నొక్కండి.

దోస్త్ ఐడీ, పిన్, ఫోనుకొచ్చే ఓటీపీ మూడూ ఇంటి తాళంచెవి లాంటివి. "మేమే చేసిపెడతాం" అని అడిగిన ఏ కాలేజీవాళ్లకూ, నెట్ సెంటరుకూ చెప్పకండి. ఆ నంబరు ఎవరి ఫోనుదో కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ నాడు పక్కింటి పిల్లగాడి నంబరు ఇచ్చి, ఇప్పుడు ఆ పిల్లగాడు పుణెలో పనిలో ఉంటే ఓటీపీ అక్కడికి పోతుంది. నంబరు మార్పించుకోవడానికి దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రానికి ఆధార్, ఇంటర్ మెమోతో పోవాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఈ కేంద్రాలుంటాయి.

గ్రూపే నచ్చలేదు, కాలేజీ బాగానే ఉంది అనుకునేవాళ్లకు ఇంట్రా కాలేజీ విడత ఉంటుంది. అందులో అదే కాలేజీలో ఇంకో గ్రూపుకు మారొచ్చు. మీకు అది అక్కరకు రాదు, చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని చెప్పాం.

ఇక సర్టిఫికెట్లు, ఫీజు. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి తిరిగి ఇచ్చేయాలి, తన దగ్గర అట్టిపెట్టుకోకూడదు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వడానికీ అందులో లెక్కుంది. ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకుముందే మానేస్తున్నట్టు రాసిస్తే మొత్తం ఫీజు వెనక్కి వస్తుంది. అందులో 5 శాతం, ఎంత చెడ్డా 5,000 రూపాయలు మించకుండా, పట్టుకోవచ్చు. ఆఖరు తేదీకి 15 రోజుల లోపైతే 90 శాతం. ఆ తేదీ దాటిన 15 రోజుల్లోపు 80, 15 దాటి 30 రోజుల్లోపు 50, అదీ దాటితే సున్నా. అంటే మీ చేతిలో ఉన్న ఆయుధం తేదీ. నోటితో వాదులాడి తిరిగి రావద్దు. సీటు మానుకుంటున్నామని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అదేరోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. చదవని రెండేళ్లకు ఫీజు కట్టమని అడగడానికి ఆ నోటిఫికేషన్‌లో చోటు లేదు.

వినకపోతే కాలేజీలోనే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, 2023 యూజీసీ నిబంధన అది. 15 పనిదినాల్లో తేల్చాలి. ఆ తీర్పు నచ్చకపోతే మరో 15 రోజుల్లోగా యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల ఫిర్యాదులు వినే అధికారికి, అప్పీలు చేయొచ్చు. చాలాసార్లు ఈ రెండు పేర్లు రాసిన కాగితం బల్ల మీద పడగానే బీరువా తాళాలు దొరుకుతాయి.

విడతలన్నీ అయిపోయి ఉంటే మాత్రం దారి కొంచెం దూరం. హైదరాబాదు కాలేజీ ఉస్మానియాది, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీది. మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, రెండు యూనివర్సిటీల అనుమతి కావాలి. మొదటి ఏడు అక్కడే పూర్తి చేసి రెండో ఏడు మొదట్లో మారడం తేలిక. హాస్టల్ మార్చి ఏడాది నెట్టగలరేమో కూడా ఆలోచించండి.

కాలేజీ మారాను. కొత్త కాలేజీలో ఈ-పాస్‌లో నా పేరు రావట్లేదంటున్నారు. పాత కాలేజీ వాళ్లేమో పోయినేటి రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు, ఆ డబ్బు నువ్వే కట్టు అంటున్నారు. రెండో సంవత్సరం ఫ్రెష్‌గా పెట్టుకోవాలా, రెన్యువలా?
*— బీకాం విద్యార్థిని, సూర్యాపేట*

రెన్యువల్. కోర్సు అదే, ఏడాదే పైకి పోయింది. ఫ్రెష్ పెట్టకండి. ఈ-పాస్, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు, మిమ్మల్ని గుర్తుపట్టేది పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్‌తో. ఒకే మనిషికి రెండు దరఖాస్తులు పడితే రెండూ ఆగుతాయి.

పేరు రావట్లేదంటే మీ పాత దరఖాస్తు ఇంకా పాత కాలేజీ ఖాతాలోనే ఉందని అర్థం. ముందు ఈ-పాస్ వెబ్‌సైటులో దరఖాస్తు స్టేటస్ తెరిచి, అది ఏ మెట్టు మీద ఆగిందో చూడండి. ఆగే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: మీసేవలో వేలిముద్ర వేయలేదు, కాగితాల సెట్టు కాలేజీలో ఇవ్వలేదు, ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి పైకి పంపలేదు, లేదా ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోలో పేరుతో కలవలేదు. రెండోదీ మూడోదీ పాత కాలేజీలో తేల్చుకోవాల్సినవి. అందుకే స్కాలర్‌షిప్ చూసే గుమస్తాతో ఈ సంగతి మాట్లాడుకోకుండా కాలేజీ విడిచిపెట్టకూడదని చెప్పేది. వేలిముద్ర సంగతి ఇంకోటి: పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతల్లో వేళ్ల చర్మం గీతలు పడి యంత్రం పట్టదు. రెండు రోజులు కొబ్బరినూనె రాసి, పోయేముందు సబ్బుతో కడుక్కొని పోండి. ఇంకో వేలు కూడా పెట్టి చూడమనండి.

ఆ తర్వాత యూనివర్సిటీ ప్రొసీడింగ్స్, టీసీ, కొత్త బోనఫైడ్ జిరాక్సులతో జిల్లా సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. మీరు బీసీ అయితే బీసీ సంక్షేమ శాఖ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు వారి వారి శాఖలు. పాత కాలేజీ నుంచి కొత్త కాలేజీకి మార్చమని, అక్కడ కోర్సు పేరు, సంవత్సరం సరిగా ఎక్కించమని రాయాలి. దరఖాస్తు నంబరు రాయకుండా ఇచ్చే అర్జీ వృథా.

ఫీజు వేరు, నెలనెలా ఇచ్చే నిర్వహణ ఖర్చు వేరు. ఇల్లు మారి హాస్టల్లో చేరినా, హాస్టల్ నుంచి డే స్కాలర్ అయినా ఆ వివరం మార్పించాలి. రేటు దాన్నిబట్టే ఉంటుంది. నిర్వహణ ఖర్చు మీ ఆధార్ లింకైన బ్యాంకు ఖాతాలో పడుతుంది. కొత్త ఊళ్లో ఇంకో ఖాతా తెరిచి దానికి ఆధార్ ఇచ్చారంటే డబ్బు అక్కడికి మళ్లిపోవచ్చు, పాత పాస్‌బుక్ కొట్టించి రాలేదని ఏడవకండి. బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఊళ్లలో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. కుటుంబం పల్లె నుంచి పట్నానికి మారి ఉంటే ఆదాయ ధ్రువపత్రం కొత్తది తీసుకోండి.

ఇక పాత బకాయి. ప్రభుత్వం నుంచి రావాల్సిన సొమ్ము రాలేదని సర్టిఫికెట్లు ఆపడం ఎక్కువ చోట్ల జరుగుతున్నదే, దాంతో నలిగేది పిల్లలే. మీరు చేయగలిగిందేమంటే, స్టేటస్ పేజీ ప్రింటు తీసి, దరఖాస్తు మంజూరైందని చూపించి, సొమ్ము కాలేజీకే జమ అవుతుంది కాబట్టి అడ్డు చెప్పననే హామీపత్రం రాసివ్వండి. ఎక్కువ కాలేజీలు దానికి ఒప్పుకుంటాయి. డబ్బు కట్టక తప్పకపోతే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ వచ్చిన తర్వాత తిరిగి ఇవ్వబడును" అని రాయించుకోండి. రసీదు లేకుండా రూపాయి కట్టొద్దు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ కింది కాలేజీలో బీటెక్ సీఎస్ఈ మొదటి సంవత్సరం. ఇంటికి దగ్గరని ఇంకో కాలేజీకి, వీలైతే బ్రాంచి కూడా మార్చుకొని పోవాలనుకుంటున్నా.
*— ఇంజినీరింగ్ విద్యార్థి, జడ్చర్ల*

బ్రాంచి ఆశ వదిలేయండి. మార్పు దొరికేది కాలేజీకే. అదీ ప్రభుత్వం, యూనివర్సిటీ ఆ ఏడు ఇచ్చే మార్గదర్శకాల ప్రకారం, రెండు కాలేజీల నిరభ్యంతర పత్రాలతో, మంజూరైన సీట్లలో ఖాళీ ఉంటేనే.

మీరు చూసుకోవాల్సింది రెగ్యులేషన్, అంటే మీ బ్యాచికి వర్తించే సిలబస్, పరీక్షల నిబంధనలు. జేఎన్‌టీయూలో ఆర్18లో ఇంటర్నల్స్ 25, యూనివర్సిటీ పరీక్ష 75. ఆర్22లో 40, 60. స్వయంప్రతిపత్తి కాలేజీకి దాని సొంత రెగ్యులేషన్ ఉంటుంది. వేరే యూనివర్సిటీ నుంచో, వేరే తరహా కాలేజీ నుంచో వచ్చినవాళ్లకు జేఎన్‌టీయూ నిబంధన నిక్కచ్చిగా ఉంది: అక్కడ చదవని సబ్జెక్టులు ఇక్కడ పాసవ్వాలి. అక్కడ పాసైన సబ్జెక్టే ఇక్కడ తర్వాతి సెమిస్టర్‌లో ఉంటే మళ్లీ చదవాలి. అవును, పాసైనదే. ఫెయిలైన సబ్జెక్టుకు ఇక్కడి సమాన సబ్జెక్టు రాయాలి. ఈ జాబితాను చేరాక కాదు, చేరకముందే కొత్త కాలేజీ పరీక్షల విభాగంతో రాయించుకోండి. మూడు నాలుగు సబ్జెక్టులు మించితే మారడం నష్టమే అని మా అభిప్రాయం. రెండో ఏడు మామూలు పేపర్లకే ఊపిరాడదు.

కన్వీనర్ కోటాలో సీటు వచ్చినవాళ్లు అనుమతి పత్రంలో "కన్వీనర్ కోటా" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఖాళీ ఎటునుంచి చూపించారో తెలియకుండా మేనేజ్‌మెంట్ లెక్కలో పడితే రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది.

మా తమ్ముడు హైదరాబాదులో కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ చదివిండు. ఫీజు కట్టలేక నాగర్‌కర్నూల్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సెకండియర్ చేర్పిద్దామనుకుంటున్నం. ఇబ్బందేమన్నా ఉంటదా?
*— ఓ అక్క, తెల్కపల్లి*

ఒక్కటే గట్టి చిక్కు: ద్వితీయ భాష. కార్పొరేట్ కాలేజీల్లో మార్కుల కోసమని సంస్కృతం పెడతారు. ఎన్నో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సంస్కృతం చెప్పేవాళ్లే ఉండరు. రెండో ఏడు తెలుగుకు మారాలంటే బోర్డు అనుమతి తీసుకొని, మొదటి ఏడు తెలుగు పేపరు కూడా రాయాల్సి వస్తుంది. ఎంపీసీ ఫస్టియర్ 470 మార్కుల్లో 100 ఆ పేపరువే. కాబట్టి టీసీ అడగకముందు నాగర్‌కర్నూల్ ప్రిన్సిపాల్‌ను ఈ ముక్కే అడగండి. మీడియం కూడా అడగండి. అక్కడ పాఠం చెప్పకపోయినా సంస్కృతంతోనే పరీక్ష రాయనిస్తే, గైడు పట్టుకొని ఇంట్లో చదివే ధైర్యం తమ్ముడికుందో లేదో మీకే తెలుస్తుంది.

మిగతాది తేలికే. ఫస్టియర్ మెమో, పదో తరగతి మెమో, టీసీ, బోనఫైడ్, ఆధార్ చాలు. ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. కొత్త కాలేజీ లాగిన్‌లో తమ్ముడి పేరు, గ్రూపు, భాష ఎక్కాయో లేదో పరీక్ష ఫీజు కట్టే రోజుల కంటే ముందే చూసుకోండి. సెకండియర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ 30 చొప్పున 60 మార్కులున్నాయి. కార్పొరేట్ కాలేజీలో ల్యాబు మొహం చూడని పిల్లలు ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్‌ను అడిగి నాలుగు ప్రయోగాలు చేత్తో చేసి చూస్తే మంచిది.

చిన్న ప్రశ్నలు

*టీసీ పోయింది, నకలు ఎలా?* పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకొని, నోటరీ అఫిడవిట్‌తో కాలేజీకి దరఖాస్తు పెట్టండి. నకలు మీద "డూప్లికేట్" అని ముద్ర ఉంటుంది, దానికి కంగారు పడకండి. లామినేషన్ మాత్రం చేయించకండి, వెనక రాయాల్సి వచ్చినప్పుడు చిరుగుతుంది.

*నిడమనూరు నుంచి నల్లగొండకు రోజూ తిరగాలి. బస్సు పాసు మార్చుకోవడం ఎలా?* అమ్మాయిలైతే పాసు అక్కర్లేదు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ గుర్తింపు కార్డుతో ఉచితం. డీలక్స్ ఎక్కితే టికెట్ తీసుకోవాల్సిందే. ఆధార్‌లో చిరునామా తెలంగాణది కావాలి, ఏపీ వైపు నుంచి వచ్చి చదివేవాళ్లు ఇది చూసుకోవాలి. అబ్బాయిలు ఆర్టీసీ వెబ్‌సైటులో కొత్త కాలేజీ పేరుతో దరఖాస్తు చేసి, కాలేజీ వాళ్లు ఆమోదించాక పాసుల కౌంటరుకు పోవాలి. ఆమోదం ఎవరి లాగిన్‌లో ఉందో కాలేజీలో అడిగి తెలుసుకుంటే రెండు రోజుల తిరుగుడు తప్పుతుంది.

*కొత్త కాలేజీలో అపార్ నంబరు అడిగారు, కొత్తది తీయాలా?* వద్దు. అపార్ అంటే విద్యార్థి గుర్తింపు నంబరు. ఆ 12 అంకెల నంబరు ఒక మనిషికి ఒకటే, కాలేజీ మారినా అదే. డిజీలాకర్‌లో ఉంటుంది. పాత కాలేజీ మీ క్రెడిట్లు అందులో ఎక్కించిందో లేదో టీసీ తీసుకునే ముందే తెరిచి చూడండి. ఖాళీగా కనిపిస్తే పరీక్షల విభాగానికి మెమో నంబర్లతో రాసిచ్చి రండి.